పైడమ్మ కళ్ళు

చలపతి మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడంటే ఆ పూట నా టీ కొట్టు ముందు బల్ల ఇక ఖాళీ అవ్వదు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలు పెట్టెల మీద నంబర్లు రాసి రిటైరైన మనిషి. చేతిలో కుంచె పోయాక ఆ పనంతా నోటికి అప్పజెప్పాడు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఆయన కోతలు వినని చెవి లేదు, నమ్మిన చెవీ లేదు, అయినా ఆయన రాని పూట టీ చప్పగా ఉంటుంది.

ఆరోజు చొక్కాతోపాటు ఒక పెద్ద చెక్కపలక కూడా తెచ్చాడు. పాత దుప్పటి చుట్టి, తాడుతో కట్టి, బల్లకి ఆనించి, పక్కనే కాపలా కూర్చున్నాడు. అది ఒకప్పుడు గోల్ బజార్లో ఎండుచేపలమ్మే పైడమ్మ బొమ్మ. వయసులో ఉండగా మావయ్యే వేశాడు. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ దాని గురించి వింటున్నాను గానీ కంటితో చూసింది లేదు. వాళ్ళింట్లో లోపలి గదిలో ఉండేది, అటువైపు ఎవర్నీ వెళ్ళనిచ్చేవాడు కాదు.

దానికోసం హిజ్లీ క్యాంపస్ నుంచి ఫణీంద్ర అనే కుర్రాడు టోటో బండి, అదే బ్యాటరీ రిక్షా, మాట్లాడుకుని వచ్చాడు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఉగాదికి ఈ ఊరి పాత తెలుగువాళ్ళ ఫోటోలు, బొమ్మలు గోడ నిండా పెడుతున్నారట. ఒక్క జాగా మిగిలింది. మావయ్య బొమ్మ నచ్చితే అది, లేకపోతే ఎవరిదో పెళ్ళి ఫోటో. వాళ్ళకి పెద్దగా ఉన్న విష్ణుప్రియ అనే అమ్మాయి ఒకటే మాట చెప్పి పంపిందట, మనవాళ్ళ మొహాలు బాగా కనపడాలని.

మావయ్యకి ఆ జాగా కావాలి. కావాలని నోటితో అనలేదు గానీ, నా కొట్టు అద్దంలో రెండుసార్లు జుట్టు దువ్వుకున్నాడు. కుర్రాడు మాత్రం వచ్చినప్పట్నుంచీ దుప్పటి విప్పమంటున్నాడు.

"కూకో బాబూ, ముందు టీ తాగు. నూకరాజూ, అల్లం గట్టిగా దంచరా. గుడ్డ ఇప్పడమెంత పని, ఇప్పినాక ఏటవుద్దో అది నీకు తెల్దు. రోడ్డు మీద జనం ఆగిపోతారు. ముందు కథ ఇను, ఇన్నాక ఇప్పాలో ఒద్దో నువ్వే సెప్పు. నాను గొప్పలు సెప్పుకునీవోడిని గాదు, ఈలందరికీ తెలుసు."

నేను స్టవ్ వైపు చూశాను. పక్కన ముక్కాలిపీట మీద చిట్టెమ్మత్త చిక్కుడుకాయలు గిల్లుకుంటోంది. పైడమ్మ కూతురు ఆవిడే. మావయ్యకి వరసకి మరదలు. తల ఎత్తకుండా "కాదులే, ఎప్పుడూ సెప్పుకోలేదు" అంది.

"అదీ, సాక్షి పలికినాది. మరేటంటే బాబూ, అది విశ్వకర్మ పూజ. వర్క్‌షాపు గేటు తీసి ఇంటిల్లిపాదినీ లోపలికి రానిచ్చీది ఆ ఒక్క రోజే. ఆడోలు, గుంటలు కొత్తబట్టలు కట్టుకోని వచ్చీవోలు. మొగుడు పనిసేసే మిషిను ఏదో, తండ్రి నిలబడే జాగా ఏదో ఏలెట్టి సూపించుకునీవోలు. అలాటి రోజున మా పెయింట్ షాపులో విగ్రహం ఎనక బోడిగోడ. మా ఫోర్‌మన్ ఘోష్‌బాబు నా భుజం మీద సెయ్యేసి, చలపతీ, పరువు నీ సేతిలో ఉన్నాదన్నాడు. పాత పెట్టెలోంచి పీకిపారేసిన పలక ఒకటి దొరికినాది. డబ్బాల అడుగున రంగు గీకినాను. పెట్టెలకేసే ఎరుపు, గీతలకేసే పసుపు, అడుగుభాగానికేసే నలుపు, సిగ్నల్ పచ్చ. అయ్యే నా రంగులు. వాటితోనే గోల్ బజారు మొత్తం దింపేసినాను. నడిమిన పైడమ్మ.

"పైడమ్మని నువ్వు సూల్లేదు గదా. భీమిలి నుంచి ప్యాసింజర్లో ఎండునెత్తళ్ళు తెప్పించీది. ఆ బుట్ట మూత తీస్తే సగం సెటిల్‌మెంటు ఊరికెల్లొచ్చినట్టుండీది. మావోలు కొనకపోయినా పోయి నిలబడీవోలు, ఆ వాసనకి. ఇప్పుడు నువ్వు ఫోన్లో మీయమ్మతో మాటాడతావు గదా, మాకు అదే ఫోను."

ఫణీంద్ర నవ్వాడు. అంతవరకూ మావయ్య చెప్పినది నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. మా అమ్మ కూడా ఆ బుట్ట గురించి చెప్పేది.

"జనం అయినారు, బుట్ట అయినాది, సీర అయినాది. కళ్ళు మిగిలినాయి. కళ్ళంటే నంబర్లు రాసినట్టా? అగ్గిపుల్ల కొస సెక్కి, తెల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి రెండు సుక్కలు పెట్టినాను. సెయ్యి ఎనక్కి తీసినానో లేదో, రెప్ప వాల్చినాది."

"ఎవరు?" అన్నాడు ఫణీంద్ర.

"ఎవరేటి, పైడమ్మ. బొమ్మలో పైడమ్మ. ఘోష్‌బాబు సూసి స్టూలు మీదనుంచి పడ్డాడు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? టైమాఫీసు బాబొకడు వచ్చినాడు. పూజకొచ్చినోడు దణ్ణం పెట్టుకోని ఎల్లిపోవాల గదా, బొమ్మ ముందు ఆగి, దీదీ, కొతో కోరే అని రేటడిగినాడు. పైడమ్మ పలకదు. ఆయనే ఒక రేటు సెప్పినాడు, పలకదు. తగ్గించినాడు, పలకదు. ఇక సిగ్గేసి పెంచినాడు. సివరికి ముందు సెప్పిన రేటుకి మించి డబ్బులు పలక ముందు పెట్టి, సంచీ నోరు తెరిచి పట్టుకోని నిలబడ్డాడు. నానెల్లి, బాబూ, బేరమాడితే మా పైడమ్మ మారాజుతోనైనా మాటాడదు అని బతిమాలి పంపినాను."

"అది మాత్రం నిజం" అంది చిట్టెమ్మత్త. "బేరమాడితే మాయమ్మ మొకం కూడా సూసీది గాదు."

"ఇన్నావా బాబూ? నాను మటుకు ఎప్పుడూ ఆవిడ దగ్గర బేరమాడి ఎరగను."

చిట్టెమ్మత్త చిక్కుడు ఈనె కొంచెం గట్టిగా లాగింది. ఇంకో ఇద్దరు ముగ్గురు సైకిళ్ళు ఆపి బల్ల దగ్గరికి చేరారు. మావయ్యకి జనం చేరితే పొయ్యికి కట్టె దొరికినట్టే.

"మనుషుల సంగతి అలగుంచు, పిల్లులు. టౌనులో ఉన్న పిల్లులన్నీ గేటు దగ్గర లైను కట్టినాయి. ఒకటి దూకి పలక్కి కొట్టుకోని మూతి వాసిపోనాది. ఇంకోటి తెలివైనది. దూకలేదు. పైడమ్మ ఇటు సూస్తే అటు పోయీది, అటు సూస్తే ఇటు వచ్చీది. పూజ అయిపోయినాక సూస్తే బుట్టలో ఒక నెత్తల్లి లేదు. నాను గీసినవి నాకు తెల్దా?

"అప్పుడు పెద్ద ఆఫీసరు వచ్చినాడు, ఇనస్పెక్షనుకి. తెల్ల పేంటు, తెల్ల షర్టు. బొమ్మ ముందుకొచ్చి ఆగినాడు. కుడికి జరిగినాడు, పైడమ్మ కళ్ళు కుడికి తిరిగినాయి. ఎడమకి జరిగినాడు, ఎడమకి తిరిగినాయి. ఆయనకి సెమట్లు పట్టేసినాయి. ఈవిడకి గేటు పాసు ఉన్నాదా అని అడిగినాడు. లేదండీ, బొమ్మండీ అంటే ఇనడే. రూలు రూలే, పాసు లేకుండా వర్క్‌షాపులో మనిషి ఉండకూడదన్నాడు. అప్పటికప్పుడు పైడమ్మ పేర పాసు తయారైనాది. మర్నాటినుంచి టోకెను, హాజరు, అన్నీ. ఒకసారి మెడికల్‌కి కూడా పిలిచినారు, కంటిచూపు పరీక్ష. డిస్టింక్షన్‌లో పాసైనాది."

ఫణీంద్ర టీ గ్లాసు కింద పెట్టి కడుపు పట్టుకున్నాడు. ఫోన్ తీసి, "తాతగారూ, ఒక్కసారి విప్పితే ఫోటో తీసి విష్ణుప్రియకి పంపిస్తాను" అన్నాడు. మావయ్య వినిపించుకోలేదు. పలక మీద చెయ్యి వేసి, దుప్పటి ముడి మీదికి ఇంకో ముడి వేశాడు.

"ఇదంతా ఒక ఎత్తు, సైరను ఒక ఎత్తు. మీకు ఇప్పుడు సైరనంటే ఏటి తెలుస్తాది? అప్పట్లో షాపు సైరను కూస్తే ఊరు లేచీది, సైరను కూస్తే ఊరు తినీది. గేటు తియ్యగానే సైకిళ్ళు వరదలాగ వచ్చీవి. ఏ మూడో రోడ్డులోనో ఇల్లాలు ఆ సప్పుడిని బట్టి అన్నం వార్చీది. ఆ సైరను మా బొమ్మలో జనానిక్కూడా ఇనపడీది. మజ్జానం కూసిందంటే బొమ్మలో జనమంతా ఇల్లకెల్లిపోయీవోలు. బజారు ఖాళీ. పైడమ్మ ఒక్కతీ బుట్ట దగ్గర కూకోని ఈగలు తోలుకునీది. మళ్ళీ సైరను కూస్తే ఒక్కొక్కడూ తిరిగొచ్చి ఎవడి జాగాలో ఆడు. ఒకడు మటుకు రోజూ లేటు."

"బొమ్మలో కూడానా?" అన్నాడు సైకిలాయన ఒకడు.

"బొమ్మైతే మాత్రం, రైల్వేవోడు గదా. సరే, ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఇంత గొప్ప బొమ్మని స్టేషన్లో పెడదామన్నారు. ట్రాలీ మీద నిలబెట్టి లైను దాటిస్తన్నాం. అటునుంచి మద్రాసు మెయిలు. డ్రైవరు సూసినాడు. పట్టాల మీద బజారు. అంత జనం మీదికి బండి ఎలగెక్కిస్తాడు? బ్రేకేసేసినాడు. పెట్టెల్లో జనం తొంగిసూసినారు, ఓరి, ఎండుచేపలు అన్నారు. సంచీలట్టుకోని దిగిపోనారు. బొమ్మలో జనం, బండిలో జనం కలిసిపోనారు, ఎవరు ఏ జనమో గార్డుకే తెల్దు. ఆడు పచ్చజెండా ఊపి ఊపి సెయ్యి పడిపోనాది. బండి ఎల్లిపోయినాక సూసుకుంటే బొమ్మలో ఇద్దరు ఎక్కువున్నారు."

"మరి వాళ్ళు బండి దిగిపోయినవాళ్ళా?"

"మరి? ఇంకా ఉన్నారు. ఒకడికి బొమ్మలోనే పెళ్ళి కూడా అయినాది."

బల్ల చుట్టూ అందరం పడీపడీ నవ్వాం. మావయ్య నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగాడు. తర్వాత ఆయన మాట్లాడిన గొంతు వేరు.

"నవ్వండి. నాను రాసిన నంబర్లు ఏసుకోని పెట్టెలు దేశమంతా తిరిగినాయి బాబూ. స్టేషన్లో నిలబడి, ఇదిగో ఈ ఎనిమిది నాది, ఈ మూడు నాది అని మా ఇంటిదానికి సూపించీవోడిని. ఎనిమిదికి నడుం సన్నంగా రాయడం నా ఒక్కడికే వచ్చీది. అయ్యన్నీ తుక్కుకెల్లిపోనాయి. ఇప్పుడు కొత్త పెట్టెలకి స్టిక్కర్లు అంటించేస్తన్నారు. ఊరంతా వెతికినా నా సెయ్యి పడ్డ వస్తువు ఇంకేదీ లేదు, ఇది తప్ప. ఇది ఆ గోడ మీద ఉంటే, నాను పోయినా ఎవడో ఒకడు ఆగి సూస్తాడు. అందుకని."

మావయ్య అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయనకి జాలి పడే మొహాలు గిట్టవు. చొక్కా సర్దుకుని, మళ్ళీ పాత గొంతు తెచ్చుకున్నాడు.

"అన్నిటికన్నా పెద్దది సెప్పనేలేదు. పైడమ్మ పోయిన రోజు. ఆసుపత్రిలో ఆవిడ అక్కడ ఊపిరి ఒగ్గేసినాది, ఇక్కడ మా ఇంట్లో బొమ్మ ఏడ్సినాది. ఒట్టు. నా కళ్ళతో సూసినాను. కుడికంట్లోంచి ఒక్క సుక్క జారి, సెంప మీదనుంచి గెడ్డం దాకా వచ్చి, నా సేతి మీద పడ్డాది. ఏడిగా ఉన్నాది. ఆ తర్వాత కళ్ళు మూసేసినాది. కర్మ అయినదాకా తెరవలేదు. నువ్వు సూడాలి బాబూ ఆ కళ్ళు..."

చిట్టెమ్మత్త చేతిలో చిక్కుడుకాయ ఆగింది. చేట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని లేచింది.

"ఏ కళ్ళు, బావా?"

మావయ్య చెయ్యి దుప్పటి ముడి మీదికి వెళ్ళింది.

"మాయమ్మ కళ్ళే గదా? నాకూ సూడాలనున్నాది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పూజ నాడు మాయమ్మ సెయ్యి పట్టుకోని వచ్చి సూసినాను, చిన్నపిల్లని. మళ్ళీ సూల్లేదు. తియ్యి."

"ఒద్దే సిట్టీ. ఎండ పడితే రంగు..."

ఆవిడ వినలేదు. ముడులు విప్పే ఓపిక కూడా లేనట్టు తాడు పక్కకి లాగి, దుప్పటి కిందికి జార్చేసింది.

గోల్ బజారు అలాగే ఉంది. ఎర్రగా, పసుపుగా, కిక్కిరిసిపోయి ఉంది. గొడుగులు, సంచీలు, సైకిళ్ళు, తలపాగాలు, జడలు. ఒక్క మొహం లేదు. అంత జనంలో ఒక్కరంటే ఒక్కరు మనవైపు తిరగలేదు, అందరివీ వీపులే. నడిమధ్య రైలుపెట్టె ఎరుపు చీరలో పైడమ్మ, ఆవిడదీ వీపే. మూలన ఒక ఆవు ఉంది, దానిది తోక. ఆఖరికి బుట్టలో చేపలు కూడా తలలు లోపలికి పెట్టుకుని తోకలు మనకేసి చూపిస్తున్నాయి.

సైకిలాయన ముందు నవ్వాడు. ఆపుకోలేక నేనూ నవ్వాను. ఫణీంద్ర నవ్వలేదు. ఫోన్ పట్టుకుని ఒకసారి బొమ్మవైపు, ఒకసారి మావయ్యవైపు చూశాడు. "మొహాలు కావాలంది విష్ణుప్రియ" అన్నాడు మెల్లగా.

"సైరను కూసినాది" అన్నాడు మావయ్య. "ఇప్పుడే, మీరు ఇనలేదు. అందరూ అటు తిరిగినారు." ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన దుప్పటి ఏరుకుని మడత పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు మూలలూ కలపడానికి చాలాసేపు పట్టింది. పెట్టెల మీద అక్షరాలు, అంకెలు, తిన్నటి గీతలు వేసిన చెయ్యి. మొహం ఎలా వెయ్యాలో ఎవరు నేర్పారు ఆయనకి?

చిట్టెమ్మత్త ఇవేవీ పట్టించుకోలేదు. పలక ముందు గొంతుక్కూర్చుంది. వేలు పెట్టకుండా, గాలిలోనే చూపిస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. కొప్పులో చుట్ట గుచ్చుకుంది చూడు, అది మాయమ్మ అంది. బుట్ట మూత తీసే ముందు చుట్ట అలా కొప్పులో దాచుకునేదట. ఒక భుజం దిగిపోయి, తువ్వాలు మీద టిఫినుకేరేజీ వేలాడేసుకున్నది ఫిట్టర్ దేముడట, సమ్మెట మోసి మోసి ఆ భుజం అలా అయిపోయిందట. ఎండ కాస్తున్నా గొడుగు విప్పకుండా చంకలో పెట్టుకున్నావిడ తెలుగుబడి జ్ఞానరత్నం టీచరు. ఒక్కరి పేరు దగ్గర కూడా ఆవిడ తడుముకోలేదు.

"నూకరాజూ, ఇటు రా. ఈడెవడో సూడు."

వెళ్ళి వంగి చూశాను. పాలకేను కట్టిన సైకిలు. లుంగీ మోకాలి దాకా ఎగగట్టి, ఎడమకాలు పెడలు మీద, కుడికాలు నేల మీద. బనీను వెనక ఒక చిరుగు. మా నాన్నకి ఇంట్లో ఫోటో ఉంది, స్టూడియోలో కోటు అరువు తెచ్చుకుని తీయించుకున్నది. ఆ ఫోటోకి రోజూ అగరొత్తి వెలిగిస్తాను గానీ, అందులో ఉన్నాయన ఎవరో నాకు ఎప్పుడూ తెలిసినట్టుండదు. ఇది మా నాన్న. చిన్నప్పుడు సైకిలు కేరేజీ మీద కూర్చుని బడికెళ్ళేటప్పుడు నేను దారంతా చూసింది ఈ వీపునే. స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే సైకిలాయన వెళ్ళి మంట తగ్గించాడు.

ఫణీంద్ర నన్ను చూశాడు. తర్వాత ఫోటో తీయకుండానే ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"పెళ్ళి ఫోటో వద్దులెండి తాతగారూ. దీన్నే తీసుకెళ్తాను. విష్ణుప్రియకి నేను చెప్పుకుంటాను. కాకపోతే అక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, అందరూ వెనక్కి ఎందుకు తిరిగి ఉన్నారని. ఏం చెప్పమంటారు?"

మేమంతా మావయ్యవైపు తిరిగాం. మడతపెట్టిన దుప్పటి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. చిట్టెమ్మత్త మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"ఉన్నమాటే సెప్పు బాబూ. ఈ బావ గోల్ బజార్లో అడుగుపెట్టి నోరిప్పితే చాలు, మాయమ్మతో సహా బజారు బజారంతా ఇలగే ఈపు తిప్పేసీది. ఆయన కళ్ళారా సూసింది సూసినట్టు గీసినాడు. జన్మలో ఒక్కసారే నిజం సెప్పినాడు, అదీ నోటితో గాదు."

అందరికన్నా ముందు నవ్వింది మావయ్యే. నవ్వుతూనే దుప్పటి కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు. పలకని టోటోలోకి ఎక్కించాం. గోడకి తిన్నగా తగిలించారో లేదో చూడాలని ఆయనా ఎక్కి, పలకని ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. బండి కదలకముందే ముందుకి వంగి, "దాదా, ఎయి ఛొబిర్ గొల్పో శునేఛో?" అని బండివాణ్ణి అడిగాడు, ఈ బొమ్మ కథ విన్నావా అని.

బండివాడు రోడ్డువైపు తిరిగి కూర్చుని హ్యాండిల్ తిప్పాడు. మావయ్య చెబుతూనే ఉన్నాడు.